కప్పు కింద నారు కట్టలు

బెజవాడ దగ్గర పాత ఆనకట్టను కృష్ణ ఎత్తుకుపోయిన వరద వచ్చాక ఆరో ఏడు అది. దేవదానం ఏళ్ళను అలాగే లెక్కపెడతాడు. ఆ వరదకి ఎక్కడినుంచో ఒక టేకు దుంగ కొట్టుకొచ్చి, దివిసీమలో అతని అత్తగారి ఊరి కరకట్ట పక్కన ఇసకలో కూరుకుపోయింది. చూసినవాళ్ళంతా దూలానికి పొట్టి, పొయ్యికి లావు అని వదిలేశారు. పెడన నుంచి చుట్టపు చూపుగా వచ్చిన దేవదానం దాన్ని తాళ్ళు కట్టి లాక్కొచ్చి, మావగారి దొడ్లో నీడపట్టున పడేశాడు. అప్పటినుంచీ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అచ్చు చెక్కాలంటే చెక్క ఆరాలి. పచ్చి చెక్క మీద చెక్కిన పువ్వు ఎండేసరికి నోరు తెరుస్తుంది.

దేవదానం పని అచ్చులు చెక్కటం, వాటితో గుడ్డ మీద బొమ్మలు అద్దటం. తండ్రి పనీ అదే. చదువు మూడో తరగతి. మూడో తరగతిలో పలక పగిలింది, ఇంకో పలక రాలేదు, అంతటితో సరి. మాటలు కూడా ఆ పలకతోనే పగిలిపోయాయని భార్య ఎలీసబెతు ఎత్తిపొడుస్తుంది. ఒక మాటతో పోయేచోట అతను అరమాట వాడతాడు. అరమాటతో పోయేచోట తల ఊపుతాడు.

అలాంటి మనిషిని హైస్కూల్లో మాస్టారుగా పెట్టారు. అత్తగారి ఊరి హైస్కూలుకి ఆ ఏడే కొత్తగా క్రాఫ్టు సెక్షను ఇచ్చారు. చేతిపని తెలిసినవాడు కావాలని హెడ్మాస్టరు శివరామయ్య గారు అడగ్గా అడగ్గా, ఎలీసబెతు అన్నగారు దేవదానం పేరు చెప్పాడు. పెడనలో పని పల్చబడి ఉన్న రోజులు. మొగుడూ పెళ్ళాం వచ్చేశారు. క్లాసుకి స్కూలు వెనక తాటాకు పాక ఒకటి ఇచ్చారు. హాజరు పుస్తకంలో దేవదానం పేరు పక్కన ‘తాత్కాలికం’ అని రాశారు.

శివరామయ్య గారు మొదటి రోజే విషయం చెప్పారు. “చూడవయ్యా, దసరా సెలవుల ముందు బందరు నుంచి ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. పిల్లలు చేసిన పని చూస్తారు. బాగుందని రాస్తే సెక్షను ఉంటుంది, నీ ఉద్యోగం ఖాయమవుతుంది. లేదంటే ఆ పాకని సైకిళ్ళ స్టాండు చేసుకోమంటారు. తెలిసిందా?”

దేవదానం తల ఊపాడు.

పని మొదలుపెట్టాక తెలిసింది, చెయ్యటం వేరు, నేర్పటం వేరు అని. అతను ఉలి పట్టి చూపిస్తాడు. పిల్లలు చెయ్యి చూడరు, నోరు చూస్తారు. నోట్లోంచి ఏమీ రాదు. “ఇట్టా” అంటాడు. ఎట్టా అని అడుగుతారు. “ఇట్టా” అని మళ్ళీ చేసి చూపిస్తాడు. అప్పటికి సగం మంది కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. సాయంత్రానికి ముప్పై మందిలో ముగ్గురికి ఉలి పట్టటం వచ్చేది, నలుగురికి వేళ్ళు తెగేవి.

డిజైను దగ్గర ఇంకో తంటా. రోజూ చూసేది ఏదో ఒకటి వెయ్యమన్నాడు. ముప్పై మందిలో ఇరవై ఏడుగురు కూజా వేశారు. అదేంటంటే, వాళ్ళకి డ్రాయింగు చెప్పే గోవర్ధనరావు గారు మద్రాసు డ్రాయింగు పరీక్షలు, లోయరూ హయ్యరూ, రెండూ పాసైన మనిషి. మూడేళ్ళుగా పిల్లలచేత ఒకే కూజా వేయిస్తున్నారు. గోడకి వేలాడదీసిన పటంలో కూజా, దాని పక్కన ఆపిల్ పండు. ఆపిల్ పండు ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. కూజా మాత్రం పిల్లలు కళ్ళు మూసుకుని కూడా వేస్తారు. మిగతా ముగ్గురిలో ఇద్దరు తామరపువ్వు వేశారు. కనకదుర్గ అని తొమ్మిదో తరగతి పిల్ల ఒక్కతే నారు కట్ట వేసింది. నడుం దగ్గర పోచతో బిగించి కట్టి, పైన ఆకులు విచ్చుకుని, కింద వేళ్ళు జారిపడే వరినారు కట్ట.

దేవదానం ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తిప్పి చూశాడు. తలకిందులుగా పెట్టినా బాగుంది. ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా వరస పెడితే ఆకుల మధ్యలో వేళ్ళు దూరి కూచుంటాయి. గుడ్డంతా ఖాళీ లేకుండా నిండిపోతుంది.

“ఇది,” అన్నాడు.

అంతే. కనకదుర్గకి ఆ ఒక్క మాటకే మొహం వెలిగిపోయింది.

గోవర్ధనరావు గారు పాకలోకి తొంగి చూసి నవ్వారు. “ఏం మాస్టారూ, నారు కట్టలా? పొలంలో వేసింది చాలక గుడ్డ మీద కూడా ఊడుస్తారా? ఇన్‌స్పెక్టరు గారొచ్చి కలుపు తియ్యాలా ఏమిటి?”

దేవదానం ఆ సాయంత్రమే మావగారి దొడ్లో దుంగకి రంపం వేశాడు. ఆరేళ్ళు ఆరిన చెక్క. రంపప్పొట్టు పొడిపొడిగా రాలింది. పిల్లలు మూడు వారాలు చెక్కారు. పదకొండు అచ్చులు పాడయ్యాయి. పన్నెండోది నిలిచింది.

ఇక గుడ్డ. నాలుగు గజాల ముతక గుడ్డని కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెట్టారు. పచ్చగా మారి పులిసిన పాల వాసన కొట్టింది. దాని మీద పటిక నీళ్ళు అద్దాలి. కిటుకంతా అక్కడే ఉంది. పటిక అద్దినచోట ఆరాక ఏమీ కనపడదు. వేలితో తడిమితే కాస్త గరుకు తగులుతుంది, అంతే. అద్దిన గుడ్డని మూడు నాలుగు రోజులు కదపకుండా ఆరనివ్వాలి. తరవాత పారే నీళ్ళలో జాడించి, ఎర్రరంగు దిగే చిరివేరు వేసి మరగబెట్టాలి. అప్పుడు పటిక పడ్డచోటల్లా ఎరుపు తేలుతుంది, మిగతాచోట గుడ్డ గుడ్డలాగే ఉంటుంది.

కొందరు ఆ పటిక నీళ్ళలో చిటికెడు ఎర్రమన్ను కలుపుకుంటారు, ఎక్కడ అద్దామో కనపడటానికి. దేవదానం తండ్రి కలపనిచ్చేవాడు కాదు. కంటికి తెలిస్తే చెయ్యి బద్ధకిస్తుందనేవాడు. దేవదానం కూడా పిల్లల్ని కలపనివ్వలేదు. ముప్పై మందీ వంతులవారీగా, వేలితో తడుముకుంటూ, ఒకటి నిలువు ఒకటి తలకిందులు, మూడు వందల ఇరవై నాలుగు నారు కట్టలు అద్దారు. లెక్క కనకదుర్గది. గురువారం సాయంత్రానికి గుడ్డని పాకలో తాడు మీద ఆరేశారు.

శుక్రవారం శివరామయ్య గారు ఎదురుపడ్డారు. “ఎంతవరకు వచ్చిందయ్యా నీ గుడ్డ?”

“అవుతుందండీ.”

“ఇన్‌స్పెక్టరు గారు వచ్చే గురువారం వస్తున్నారు, గుర్తుందిగా? అప్పటికి ఏమవుతుంది?”

“అదేనండీ, అవుతుంది.”

శివరామయ్య గారు ఇంకేదో అడగబోయి, ఈయనతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే అనుకుని వెళ్ళిపోయారు. దేవదానం ఆ సాయంత్రమే చిరివేరు కోసం పెడన బస్సు ఎక్కాడు. సోమవారం వచ్చి జాడించి, మంగళవారం మరగబెడితే గురువారానికి రెండు రోజులు మిగులుతాయి. లెక్క సరిగ్గానే ఉంది. ఎవరికీ చెప్పకపోవటం ఒక్కటే తక్కువ.

పెడనలో చిరివేరు అంత తేలిగ్గా దొరకలేదు. అందరూ డబ్బాల్లో వచ్చే రంగు వాడుతున్నారు. రెండు రోజులు తిరిగితే ఒక ముసలామె అటక మీంచి పాత మూట దించి ఇచ్చింది. సోమవారం పొద్దున్నే ఆ మూటతో బందరు వచ్చి, అక్కడ చల్లపల్లి బస్సెక్కి, దిగి రెండు మైళ్ళు నడిచి, పది గంటలకి స్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల జీపు ఆగి ఉంది.

బంట్రోతు ఎదురొచ్చాడు. “ఎక్కడికి పోయావయ్యా బాబూ? ఇన్‌స్పెక్టరు గారు గురువారం కాదంట, ఇయ్యాలేనంట. శనివారం బడి వదిలాక కార్డొచ్చింది. హెడ్మాస్టరు గారు నీ కోసం ఊరంతా ఎతికించారు.”

దేవదానం మూట పాక ముందు పడేసి లోపలికి చూశాడు. తాడు ఖాళీగా ఉంది.

పిల్లలెవరో తీసి మడతపెట్టి ఉంటారనుకున్నాడు. పెట్టెలో చూశాడు, బల్ల కింద చూశాడు. అంతలో పిలుపు వచ్చింది.

హెడ్మాస్టరు గారి గదిలో రెండు బల్లలు కలిపి వేశారు. ఇన్‌స్పెక్టరు గారు కాఫీ తాగుతున్నారు. పక్కన శివరామయ్య గారు, ఆ పక్కన గోవర్ధనరావు గారు. అప్పటికే డ్రాయింగు క్లాసు చూడటం అయిపోయింది. ముప్పై కూజాలు బల్ల మీద ఒక చివర దొంతరగా ఉన్నాయి.

“ఈయనేనండీ మా క్రాఫ్టు మాస్టారు,” అన్నారు శివరామయ్య గారు. “దేవదానం, పిల్లలు వేసిన గుడ్డ తీసుకురావయ్యా.”

“తాడు మీదుండాలండీ.”

“తాడు మీద పచ్చగా, ముక్కిపోయిన వాసనేసే గుడ్డ ఒకటుంటే తీయించేశాను. పెద్దవాళ్ళు వచ్చేవేళ అది చూస్తే ఏం బాగుంటుంది? ఆ మాసింది కాదు, పిల్లలు వేసింది తే.”

దేవదానం చూపు గదంతా తిరిగి బల్ల మీద ఆగింది. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. రెండు మడతలు వేసి, గంజి పెట్టి, కాస్త నీలి మందు కూడా పెట్టి, మల్లెపువ్వులా ఉంది. అంచు దగ్గర చిన్న ముడి. ఆ ముడి తను వేసిందే, తలాతోకా తెలియటానికి.

“ఏమయ్యా, వినపడిందా?”

“అయ్యగారి కప్పు కింద ఉందండీ,” అన్నాడు దేవదానం.

ఇన్‌స్పెక్టరు గారు కప్పు ఎత్తి చూశారు. కప్పు అడుగున కాఫీ గుండ్రంగా అంటింది. అంతకన్నా ఏమీ లేదు.

“ఇది తెల్లగుడ్డ కదయ్యా.”

“అవునండీ.”

“నవ్వులాటగా ఉందా?”

“పటికండీ. మరిగితే ఎర్రబడుద్దండీ.”

“అయితే మరిగించి చూపించు.”

“ఉతికేశారు కదండీ.”

గోవర్ధనరావు గారు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. శివరామయ్య గారు మాత్రం బల్ల మీది గుడ్డ వైపు చూశారు. ఆయన మంచివాడే. తను ఏం చేశాడో ఆయనకి అప్పుడే కొంచెం కొంచెంగా తెలుస్తోంది. “ఉతకమని సుబ్బాయమ్మకి వేయించానండీ,” అన్నారు, ఎవరితో అంటున్నారో తెలియకుండా. “శుభ్రంగా ఉంటుందని...”

ఇంతలో కిటికీ దగ్గర గుమిగూడిన పిల్లల్లోంచి కనకదుర్గ ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చేసింది. “మేం వేశామండీ! మూడు వందల ఇరవై నాలుగు. ఒకటి నిలువు, ఒకటి తలకిందులండీ. నారు కట్టలు.” బల్ల మీద గుడ్డని వేళ్ళతో తడిమింది. గంజి తప్ప ఏమీ తగల్లేదు. ఇంకోచోట తడిమింది. “ఇక్కడే ఉండాలండీ... ఇదిగో, ఇక్కడ నుంచి వరస మొదలండీ...”

ఇన్‌స్పెక్టరు గారు ఆ పిల్ల వేళ్ళు చూశారు. కసురుకోలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. “వేసే ఉంటారమ్మా. కానీ నేను చూసిందే రాయాలి కదా,” అన్నారు. దేవదానం వైపు తిరిగి, “ఈ పని ఎన్ని రోజులు పడుతుందో, ఏ రోజు ఎలా ఉంటుందో ముందే ఎక్కడైనా రాసి పెట్టావా? హెడ్మాస్టరు గారికైనా చెప్పావా?”

దేవదానం తల అడ్డంగా ఊపాడు.

ఆయన పుస్తకం తీసి రాశారు. మూడు తరగతులే చదివినా, అచ్చుల మీద అన్నీ తిరగేసి చెక్కే దేవదానానికి తలకిందుల అక్షరాలు చదవటం పెద్ద కష్టం కాదు. ‘క్రాఫ్టు: పని కనిపించలేదు’ అని ఉంది.

జీపు వెళ్ళిపోయాక గోవర్ధనరావు గారు వరండాలో ఆగారు. “ఏమనుకోకు మాస్టారూ. నా కూజా పాతదే అనుకో, ఉతికినా పోదు.” నవ్వించాలనే అన్నారేమో. ఎవరూ నవ్వలేదు.

శివరామయ్య గారు తలెత్తకుండా చెప్పారు. “నెలాఖరు దాకా ఉంటావులే దేవదానం. తరవాత నేను బందరు వెళ్ళి అడిగి చూస్తాను. ఒక్క మాట చెప్పి ఉంటే... ఒక్క మాట, దీన్ని ముట్టుకోవద్దని.”

దేవదానం బల్ల మీది గుడ్డ తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. దారిలో సుబ్బాయమ్మ కనపడింది. ఇస్త్రీ బట్టల మూట నెత్తిన పెట్టుకుని, గొప్పగా నవ్వింది. “చూశావా దేవదానం, ఎట్టా తెల్లబెట్టానో! ఆ పచ్చదనం పోతేనా! చౌడునీళ్ళలో తడిపి మూడు సార్లు ఆవిరి పట్టించి ఉబ్బకు పెట్టాను. ఆ పాల కంపు వదలటానికి నా రెక్కలు పడిపోయినై.”

మూడు వందల ఇరవై నాలుగు నారు కట్టలు ఆమె రెక్కల కష్టంలో పోయాయి. ఆమెని ఏమనగలడు? పని ఎంత బాగా చేస్తే అంత నష్టం జరిగింది.

ఇంటికి వెళితే ఎలీసబెతుకి అప్పటికే అంతా తెలుసు. అన్నం ముందు పెట్టి ఎదురుగా కూచుంది.

“నోరెందుకిచ్చాడు దేవుడు? ముద్ద పెట్టుకోటానికేనా?”

దేవదానం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“మా అన్న నలుగుర్ని బతిమాలి పెట్టిస్తే! ‘అయ్యా, అది పనిలో ఉన్న గుడ్డ’ అని ఒక్క ముక్క. నీ ముల్లె పోద్దా?”

“వాళ్ళకి తెలవదా?” అన్నాడు దేవదానం.

“ఎట్టా తెలుస్తది? పెడనలో పుట్టారా వాళ్ళు? అక్కడ కుక్క కూడా పచ్చగుడ్డ మీద పడుకోదు. ఇది పెడన కాదయ్యా.”

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. తండ్రి దగ్గర, తాత దగ్గర, పాకలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పేవాళ్ళు కాదు. చెప్పాల్సిన పని ఉండేది కాదు. వీధి మొత్తానికి తెలిసిన పని. ఇక్కడ ఆ పని తెలిసినవాడు తనొక్కడే. ఆ సంగతి నాలుగు నెలలుగా తనకి తట్టనేలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి గంటకి చాలా ముందు దేవదానం పాక వెనక పొయ్యి వెలిగించాడు. కాలవ నీళ్ళు మోసి రాగి గంగాళం నింపాడు. తాటిమట్టలు ఎగదోశాడు. నీళ్ళు వేడెక్కుతుండగా చిరివేరు దంచి వేసి, గుడ్డలో గంజి పోయేదాకా పిండి, దాన్ని కూడా అందులో వేశాడు. ఏమీ రాదని తెలుసు. తెలిసినా వేశాడు. కర్రతో తిప్పుతూ కూచున్నాడు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. శివరామయ్య గారు కూడా వచ్చి, పంచె ఎగ్గట్టి, పొగకి కళ్ళు నులుముకుంటూ నిలబడ్డారు. గంట కొట్టే వేళ దాటింది. బంట్రోతు కొట్టనా అని అడిగితే ఆగమన్నారు.

దేవదానం కర్రతో గుడ్డ పైకెత్తాడు. అక్కడక్కడా, బాగా ఒత్తి అద్దినచోట్ల, పాలిపోయిన ఎరుపు. ఒకచోట నారు కట్టకి నడుం ఉంది, ఆకుల్లేవు. ఇంకోచోట వేళ్ళున్నాయి, కట్ట లేదు. ఉబ్బకు పెట్టినప్పుడు మడత మధ్యలో పడ్డచోట మాత్రం కొన్ని పూర్తిగా తేలాయి. అన్నిటికన్నా బాగా పట్టింది ఇన్‌స్పెక్టరు గారి కప్పు గుర్తు. గుండ్రంగా, ముదురుగా, చెయ్యి తిరిగినవాడు అద్దినట్టుంది.

కనకదుర్గ లెక్కపెట్టింది. “పదకొండు మాస్టారూ. పూర్తిగా ఉన్నవి.”

“ఇది బందరు పంపిస్తే?” అన్నారు శివరామయ్య గారు ఆశగా.

“వద్దండీ. ఇది పని కాదండీ,” అన్నాడు దేవదానం. గుడ్డని పిండి తాడు మీద వేశాడు. పొయ్యిలోంచి ఒక బొగ్గు ముక్క ఏరుకుని, చల్లార్చి, పాక తలుపు దగ్గరికి వెళ్ళాడు. మూడో తరగతి తరవాత అంత పెద్ద రాత ఎప్పుడూ రాయలేదు. ఒక్కో అక్షరం ఉలితో చెక్కినట్టు రాశాడు.

ఇది మాసిన గుడ్డ కాదు. పనిలో ఉంది. ఉతకవద్దు.

పిల్లలు గట్టిగా చదివారు. శివరామయ్య గారు చదివి, గదిలోకి వెళ్ళి, ఇంకో నాలుగు గజాల గుడ్డ తెప్పించటానికి చీటీ రాశారు. నెలాఖరుకి పద్దెనిమిది రోజులుంది.

అప్పుడే సుబ్బాయమ్మ బట్టల మూటతో ఆ దారిన వచ్చింది. తలుపు మీది నల్లటి గీతలు చూసి ఆగింది. “ఏంటయ్యా ఇది? తలుపంతా మసి పూశావు. గుడ్డ తడిపి తుడవమంటావా?”

దేవదానం ఆమె వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఆమెకి చదువు రాదు. ఆ సంగతి కూడా ఇప్పుడే తట్టింది.

బొగ్గు పడేసి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు. “కూచో సుబ్బాయమ్మా,” అన్నాడు. ఆమె అనుమానంగా చూసి, మూట దించి అరుగు మీద కూచుంది. అతను కూడా ఎదురుగా గొంతుక్కూచున్నాడు. పిల్లలు దగ్గరికి జరిగారు.

“మొదట కరక్కాయ,” అన్నాడు దేవదానం. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. “మొదట కరక్కాయ దంచాలి. రాత్రంతా నాననివ్వాలి. దాంట్లో గేదె పాలు పోస్తాం. ఎందుకంటే...”

“అట్టాగా! కనపడని నీళ్ళు అద్దితే నాకెట్టా తెలుస్తదయ్యా?” అంది సుబ్బాయమ్మ, పటిక దాకా వచ్చాక. “కాస్త ఎర్రమన్నన్నా కలపొచ్చుగా.”

అతనికి తండ్రి మాట గుర్తొచ్చింది. “కలపొచ్చు,” అన్నాడు. తరవాత మూడో రోజు ఏం చెయ్యాలో, నాలుగో రోజు ఏం చెయ్యాలో చెప్పుకుంటూ పోయాడు.